బొమ్మిడాయిల పులుసూ, గాజు పొయ్యీ

మండవల్లి చుట్టుపక్కల పది ఊళ్లలో పెళ్లయినా, చర్చిలో ప్రేమవిందయినా చేపల పులుసు దగ్గర నిలబడేది దానమ్మే. అరవై మూడేళ్ల మనిషి. నలభై ఏళ్లుగా చింతపండు పిసికి, బూడిదతో చేపలు తోమి, నిప్పుల మీంచి దాకలు దించీ దించీ ఆమె వేళ్ల చివర్లు చెప్పుల అడుగుల్లా గట్టిపడిపోయాయి. కాగిన నూనెలో మాడుతున్న మెంతిగింజని వేలితో తీసి పారేసినా ఆమెకి చురుక్కుమనదు. ఆ వేళ్లంటే ఆమెకి లోపల్లోపల కాస్త గర్వం. అలాంటి వేళ్లు ఆ ఆదివారం ఏలూరులో ఎందుకూ కొరగాకుండా పోయాయి.

ఆమెని రమ్మన్నది ఉషశ్రీ. మండవల్లిలో చేపల చెరువులున్న హనుమంతరావుగారి కూతురు. దానమ్మ వాళ్లింట్లో వంట చేసిన రోజుల్లో ఆమె చంకలో పెరిగిన పిల్ల. పెళ్లయ్యాక ఏలూరు వచ్చింది. భర్త ఫణికిరణ్ బ్యాంకులో ఆఫీసరు. నాలుగు నెలల కిందటే కొత్త అపార్టుమెంటులో ఫ్లాటు కొనుక్కుని చేరారు.

"ఈయన పైఆఫీసరు గారూ, వాళ్లావిడా ఆదివారం భోజనానికొస్తున్నారు అత్తా" అని ఫోన్లో చెప్పింది ఉష. "ఆయనది పెంటపాడంట. చిన్నప్పుడు తిన్న బొమ్మిడాయిల పులుసు మళ్లీ ఎక్కడా దొరకలేదని పదే పదే అంటారంట. ఈయన మా ఇంట్లో పెట్టిస్తానని మాటిచ్చేశారు. నువ్వొస్తే సరి, లేకపోతే నా పని అయిపోయినట్టే."

దానమ్మ ఆదివారం ఆరుగంటల ఆరాధనకి వెళ్లొచ్చి, శుభ్రం చేసి ఉంచిన బొమ్మిడాయిలకి ఉప్పూ పసుపూ పట్టించి క్యాన్లో సర్దింది. పులుసుకి వాడే మట్టి దాకని పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, కైకలూరు మీదుగా ఏలూరు బస్సెక్కింది. దారి పొడుగునా దాకకి దెబ్బ తగలకుండా చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది.

అపార్టుమెంటు కింద లిఫ్టు దగ్గర మొదలైంది ఆమె తిప్పలు. గోడకి నల్లటి గాజు పలక ఉంది. దాని మీద బాణం గుర్తు వెలుగుతోంది. దానమ్మ వేలు పెట్టి నొక్కింది. లిఫ్టు కదల్లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది. వాచ్‌మన్ ఏసోబు కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"గట్టిగా కాదండీ, ఊరికే తాకాలండి."

"నేను తాకుతూనే ఉన్నాను బాబూ, దానికే తగలట్లేదు."

ఏసోబు తన వేలితో ఇలా అన్నాడు, లిఫ్టు దిగొచ్చింది. దానమ్మ తన వేలు చూసుకుంది, అతని వేలు చూసింది, లోపలికెళ్లింది. మూడో అంతస్తులో ఉష వాళ్ల కాలింగ్ బెల్లు కూడా గాజు పలకే. చూపుడువేలు పెట్టింది, బొటనవేలు పెట్టింది, ఆఖరికి చిటికెనవేలు కూడా ఆనించింది. లోపల చడీచప్పుడూ లేదు. ఇక లాభం లేదని, "ఉషమ్మా" అని పిలిచింది. ఆ పిలుపుకి ఎదురింటి తలుపూ తెరుచుకుంది, ఈ తలుపూ తెరుచుకుంది.

ఫణికిరణ్ మర్యాదస్తుడు. దానమ్మకి మంచినీళ్లిచ్చి, తనే దగ్గరుండి వంటగది చూపించాడు. ఆ ఇంట్లో అతనికి అన్నిటికన్నా ఇష్టమైంది వంటగదే. కాకపోతే అందులో అతనెప్పుడూ వంట చేసింది లేదు.

"కుళాయికి మర ఉండదండీ, కింద చెయ్యి పెడితే నీళ్లొస్తాయి. చిమ్నీకి స్విచ్చి లేదండి. ఎదురుగా చెయ్యి ఇలా ఊపితే వేసుకుంటుంది, అలా ఊపితే ఆగిపోతుంది."

దానమ్మ అన్నిటికీ తలూపింది. తర్వాత గదంతా ఓసారి కలయజూసి, "పొయ్యేది బాబూ?" అని అడిగింది.

"ఇదేనండి."

ఆమె అప్పటిదాకా దాన్ని ముఖం చూసుకునే అద్దం అనుకుంటోంది. గట్టు మీద పరిచిన నల్లటి గాజు. ఒక్క మర లేదు, బర్నరు లేదు. ఫణికిరణ్ వేలు తాకించగానే దాని అంచున ఎర్రటి అంకెలూ బొమ్మలూ వెలిగాయి.

"మంట రాదాండీ?"

"మంట ఉండదండీ. గిన్నె ఒక్కటే వేడెక్కుతుంది. మా బిల్డింగంతా కరెంటేనండి. సిలిండర్లు పైకి తేవడానికి వీల్లేదు, అసోసియేషన్ రూలు. ఎదురింటి శేషగిరిరావుగారే ప్రెసిడెంటు. కరెంటాఫీసులో ఇంజనీరుగా రిటైరయ్యారు, ఈ విషయంలో చాలా గట్టి మనిషి."

అలా చెప్పి, గెస్ట్‌హౌస్‌లో ఉన్న అతిథుల్ని ఒంటిగంటకల్లా తీసుకొస్తానని కారు తీసుకుని వెళ్లిపోయాడు.

దానమ్మ చీర నడుముకి దోపి పనిలోకి దిగింది. మట్టి దాకని గాజు మీద పెట్టింది. పొయ్యి కుయ్ కుయ్‌మని రెండుసార్లు అరిచి ఆరిపోయింది.

"మట్టివి పనికిరావత్తా, దానికి తెలియవు" అంది ఉష చిన్న గొంతుతో. "స్టీలుది పెట్టాలి."

"దాకంటే తెలియని పొయ్యి కూడా ఉంటుందా తల్లీ?" అంది దానమ్మ, కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే. సరే, స్టీలు గిన్నె పెట్టింది. నూనె పోసింది. వేలు తాకించింది. పొయ్యి ఆమె వైపే చూడలేదు. ఉష వచ్చి తాకింది, వెలిగింది. అప్పట్నుంచి ఉషే పొయ్యికి మర అయింది. దానమ్మ గిన్నెలోకి చూస్తూ "పెంచమ్మా" అంటే పెంచడం, "తగ్గించమ్మా" అంటే తగ్గించడం.

ఉల్లిముద్ద వేగుతుండగా ఈగొకటి వచ్చి వాలబోయింది. దానమ్మ చేత్తో తోలింది. నెత్తి మీద చిమ్నీ విమానంలా మోత మొదలెట్టింది. ఆమె ఉలిక్కిపడి రెండో చెయ్యెత్తింది. అది ఆగింది. ఈగ మళ్లీ వచ్చింది. ఇలా ఈగకీ, చిమ్నీకీ, దానమ్మకీ మధ్య నాలుగైదుసార్లు నడిచింది. ఆఖరికి ఆమె చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఈగని మాటలతో అదిలించి పంపింది.

చింతపండు పులుసు పోసినప్పుడు నాలుగు చుక్కలు ఆ అంకెల మీద చిందాయి. దానమ్మ నలభై ఏళ్ల అలవాటు కొద్దీ మసిగుడ్డతో తుడిచింది. పొయ్యికి తుడవడం, తాకడం ఒకటేలా ఉంది. అంకెలు తొమ్మిదికి ఎగబాకాయి, సున్నాకి దిగాయి. కుయ్ కుయ్‌మని అరిచి అన్నీ ఆరిపోయాయి. తాళం బొమ్మ ఒక్కటే ఎర్రగా మిగిలింది.

ఉష ఎంత తాకినా ఆ తాళం రాలేదు. భర్తకి ఫోన్ చేసింది.

"తాళం బొమ్మ మీద మూడు సెకన్లు వేలుంచు" అన్నాడతను.

"ఉంచానండీ."

"నీ వేలు తడిగా ఉందేమో. తుడుచుకుని ఉంచు."

తుడుచుకుని ఉంచింది. పౌడరు రాసుకుని ఉంచింది. అయిదోసారికి తాళం వచ్చింది. పులుసు మళ్లీ మరగడం మొదలెట్టింది. ఆ మరుగు చూసి దానమ్మకి ఒక అనుమానం వచ్చింది. బొమ్మిడాయిలు మెత్తటి చేపలు. అవి పడ్డాక పులుసులో గరిటె పెడితే విరిగిపోతాయి. మసిగుడ్డతో గిన్నెని రెండు వైపులా పట్టుకుని, గుండ్రంగా తిప్పుతూ ఉడికించాలి. చేప వేయకముందే ఒకసారి చూద్దామని గిన్నెని పట్టుకుని కాస్త లేపి తిప్పింది. పొయ్యి కుయ్‌మని ఆరిపోయింది. కిందపెట్టి ఆనించి తిప్పబోయింది. గాజు మీద గిన్నె జారి పక్కకెళ్లింది, మళ్లీ కుయ్‌మంది. మళ్లీ వెలిగించేసరికి తాళం బొమ్మ తిరిగొచ్చింది.

అప్పటికి పదకొండుంపావు. దానమ్మ క్యాను మూత తియ్యలేదు.

"నేను దీనిమీద చేప వెయ్యనమ్మా" అంది నెమ్మదిగా. "ఆ చేపలు నన్ను నమ్ముకుని వచ్చాయి."

ఉష నవ్వుతుందనుకుంది. ఆ పిల్ల నవ్వలేదు. గట్టుకి ఆనుకుని కళ్లు తుడుచుకోవడం మొదలెట్టింది.

"నాలుగు నెలల్నుంచి ఇంతే అత్తా. అన్నం కరెంటు కుక్కర్లో పెడతాను, కూరలు మధ్యాహ్నం కర్రీ పాయింటు నుంచి తెచ్చి మా గిన్నెల్లో సర్దేస్తాను. ఆయన తిని, చూశావా ఈ స్టవ్ మీద రుచి ఎలా ఉందో అంటారు. పక్కిళ్లవాళ్లందరూ దీనిమీదే చక్కగా వండుకుంటున్నారు. నాకొక్కదానికే చేతకాలేదని ఎవరితో చెప్పుకోను?"

దానమ్మ ఆ పిల్ల కళ్లు కొంగుతో తుడిచింది. వంటగదిలో సగం మరిగిన పులుసు వాసన ఊపిరాడనివ్వట్లేదని వెళ్లి వీధి తలుపు తెరిచింది. తెరిచి, అక్కడే నిలబడిపోయింది. ముక్కు ఎగబీల్చి గాలి పీల్చింది. మళ్లీ పీల్చింది.

"ఉషమ్మా, ఇలా రా. ఈ వాసనేంటో చెప్పు."

"వంకాయ పచ్చడిలా ఉందత్తా."

"పచ్చడి కాదు. వంకాయ కాలుస్తున్నారు. తొక్క నల్లబడి పగిలితే వచ్చే వాసనది. మంట లేకుండా వంకాయ ఎలా కాలుతుంది తల్లీ?"

వాసన ఎదురింట్లోంచి వస్తోంది. అసోసియేషన్ ప్రెసిడెంటు శేషగిరిరావుగారి ఇంట్లోంచి.

ఉష వద్దు వద్దంటూనే ఉంది. దానమ్మ చేపల క్యాను ఒక చేత్తో, దాక ఒక చేత్తో పట్టుకుని వెళ్లి, బెల్లు జోలికి పోకుండా కాలితో తలుపు తట్టింది. శేషగిరిరావుగారి భార్య సుబ్బలక్ష్మిగారు తీశారు.

"అమ్మగారూ, కాస్త పొయ్యి కావాలండీ. ఒంటిగంటకి చుట్టాలొచ్చేస్తారు."

"మాదీ అద్దాల పొయ్యేనమ్మా, మీకున్నదే."

"దానిమీద వంకాయ కాలదండి."

సుబ్బలక్ష్మిగారి ముఖంలో రంగు మారింది. "ఏవండీ" అని లోపలికి పిలిచారు. శేషగిరిరావుగారు కళ్లజోడు సర్దుకుంటూ వచ్చారు. ఉషని చూసి, దానమ్మని చూసి, చివరికి భార్య చేతిలో ఉన్న పటకారు చూసి, విషయం అర్థమై గొంతు సవరించుకున్నారు.

"అది అత్యవసరానికి పెట్టుకున్నదమ్మా. కరెంటు పోతే గీతే..."

"ఆకలి కూడా అత్యవసరమేనండి బాబుగారూ" అంది దానమ్మ.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, తలుపు బార్లా తీసి, వాళ్లు లోపలికి రాగానే గబుక్కున మూసేశారు. వంటింటి వెనక బాల్కనీలో వాషింగ్ మిషను పక్కన, పూలపూల దుప్పటి కప్పుకుని ఉంది రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్. దాని కింద సిలిండరుకి కూడా ఒక దిండుగలీబు తొడిగారు. దానమ్మ దుప్పటి తీసి పక్కన పెట్టింది. స్టవ్ మర పట్టుకుని తిప్పింది. టక్కుమంది. మంట నీలంగా లేచింది. సగానికి తిప్పింది, సగానికి తగ్గింది. ఇంకాస్త తిప్పింది, ఇంకాస్త తగ్గింది. పొద్దుట్నుంచీ ఆ ఊళ్లో ఆమె వేలి మాట విన్న వస్తువు అదొక్కటే. ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, ఉల్లిపాయల మీదికి నెట్టేసింది.

తర్వాత గంటసేపు ఆ బాల్కనీలో ఆమెదే రాజ్యం. మట్టి దాకలో మళ్లీ మొదట్నుంచీ మొదలెట్టింది. పులుసు మరిగి నూనె తేలాక బొమ్మిడాయిలు ఒక్కొక్కటే జారవిడిచింది. మసిగుడ్డతో దాక పట్టుకుని గుండ్రంగా ఊపింది. సుబ్బలక్ష్మిగారు వంకాయల సంగతి మర్చిపోయి చూస్తూ నిలబడ్డారు. శేషగిరిరావుగారు మాత్రం కిటికీలన్నీ మూయించి, గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. కిటికీలు మూస్తే మనుషుల మాట ఆగుతుందేమో గానీ బొమ్మిడాయిల పులుసు వాసన ఆగుతుందా. తలుపు సందులోంచి, బాత్రూం గొట్టాల్లోంచి బిల్డింగంతా ఎక్కేసింది.

పన్నెండున్నరకి ఎవరో తలుపు కొట్టారు. పైఅంతస్తు కిరణ్ కుమార్, అసోసియేషన్ సెక్రటరీ.

"సార్, ఎవరింట్లోనో గ్యాసు మీద వండుతున్నారండి. మనం కనిపెట్టి తీరాలండి."

"నీకెలా తెలుసయ్యా?" అన్నారు శేషగిరిరావుగారు, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"వాసనేనండి. ఇండక్షన్ మీద పులుసుకి ఈ వాసన రాదండి. మా ఇంట్లో రెండు రకాలుగానూ చేసి చూశాం కదా..." అని అక్కడికి ఆగిపోయాడు.

"రెండు రకాలుగానూ?" అన్నారు శేషగిరిరావుగారు.

సెక్రటరీ నేల చూశాడు. కొంతసేపటికి తలెత్తి, ఆయన భుజం మీంచి బాల్కనీలోకి చూశాడు. ఇప్పుడు నేల చూడడం శేషగిరిరావుగారి వంతు అయింది. ఇక దాచేదేముందని ఇద్దరు పెద్దమనుషులూ కలిసి ఏసోబుని పైకి పిలిపించారు. సిలిండర్లు ఎవరి కంటా పడకుండా బియ్యం బస్తాల్లో పెట్టి మెట్ల మీద మోసింది అతనే కదా.

"నిజం చెప్పు. ఇంకెన్నిళ్లలో ఉన్నాయి?"

ఏసోబు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "అన్నీ కలిపి ఇరవై ఫ్లాట్లండి. మూడు ఖాళీ. పదహారిళ్లలో ఉన్నాయండి."

"మిగతా ఒక్కటీ?"

"ఈ ఉషమ్మగారిదండి. రూలు పాటించింది వాళ్లొక్కరేనండి."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఎవరికి వాళ్లు ఇంకెవరికీ చెప్పొద్దన్నారండి. మీరు కూడానండి."

బాల్కనీ గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న ఉష ముందు నోరు తెరిచింది, తర్వాత నవ్వడం మొదలెట్టింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. నాలుగు నెలలుగా తన చేతకానితనం అనుకుని మింగిన ఏడుపంతా అటువైపు దారి చూసుకున్నట్టుంది. దానమ్మ దాక దించి, ఆ పిల్ల వీపు మీద చెయ్యేసి నిమిరింది.

ఒంటిగంటకి అతిథులొచ్చారు. పైఆఫీసరు విజయ్ కుమార్ గారు లావుపాటి మనిషి, మాట తక్కువ. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఉన్న ఆ కాస్త మాటా ఆగిపోయింది. రెండోసారి వడ్డించమన్నారు. మూడోసారి అడగలేక కంచం కొద్దిగా ముందుకు జరిపారు. దానమ్మ వంటింటి గుమ్మంలోంచి అది చూసి ఇంకో రెండు ముక్కలు పంపించింది.

"ఏ స్టవ్ మీద చేశారమ్మా?" అని అడిగింది ఆయన భార్య. "ముక్క ఒక్కటీ విరగలేదు."

ఫణికిరణ్ ఆ ప్రశ్న కోసమే పుట్టినవాడిలా అందుకున్నాడు. గాజు పొయ్యి గురించి, అందులో ఉన్న తొమ్మిది రకాల వేడి గురించి చెప్పాడు. "మీకూ అదే తెప్పిస్తానండి, కొట్టువాడు నాకు బాగా తెలుసు" అన్నాడు.

ఉష గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. దానమ్మకి ఆ పిల్ల ముఖం తెలుసు. చిన్నప్పుడు అబద్ధం గొంతులో అడ్డుపడితే ఇలాగే నిలబడేది.

"వద్దండీ, తీసుకోకండి" అంది ఉష. "ఈ పులుసు దానిమీద చేసింది కాదు. దానిమీద నేను నాలుగు నెలల్నుంచి పాలు కూడా తిన్నగా కాచలేకపోతున్నాను."

ఫణికిరణ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ముందుగా మాట్లాడింది విజయ్ కుమార్ గారే.

"నేను కొత్త కారు కొన్నానమ్మా" అన్నారు, చెయ్యి కంచంలోంచి తియ్యకుండానే. "అందులో అన్నీ తెర మీదే. ఏసీ తగ్గించాలన్నా తెరలో వెతుక్కోవాలి. నడుపుతూ వెతికితే గుద్దేస్తాం. మొన్న తాడేపల్లిగూడెం నుంచి రాజమండ్రి దాకా ఇద్దరం శాలువాలు కప్పుకుని వెళ్లాం, మే నెలలో."

"ఎవరికీ చెప్పొద్దన్నారు కదండీ" అంది ఆయన భార్య.

"చెప్పలేదే. వీళ్లకే చెప్పాను."

వాళ్లు వెళ్లిపోయాక ఫణికిరణ్ ముఖం ముడుచుకుని సోఫాలో కూర్చున్నాడు. "ఒక్క మాట నాకు చెప్పచ్చు కదా" అన్నాడు.

"మొదటివారమే చెప్పానండీ. మాన్యువల్ చదవమన్నారు."

ఫణికిరణ్ లేచి వెళ్లి, దాకలో మిగిలిన పులుసు వేసుకుని మళ్లీ అన్నం తిన్నాడు. దానమ్మకి అది చాలు. అయిదింటి బస్సుకి మండవల్లి వెళ్లిపోయింది. లిఫ్టు జోలికి పోలేదు, మెట్లు దిగే వెళ్లింది.

మిగతాది ఉష రెండు వారాల తర్వాత ఫోన్లో చెప్పింది. అసోసియేషన్ మీటింగు జరిగిందట. గ్యాసు ఉన్నవాళ్లు చేతులెత్తమంటే ఒక్కరూ ఎత్తలేదట. శేషగిరిరావుగారు లేచి, "నాకుంది" అని చెయ్యెత్తేసరికి వరసపెట్టి పదిహేను చేతులు లేచాయట. బాల్కనీలో, గాలి ఆడే చోట, కొత్త గొట్టంతో పెట్టుకోవచ్చని కొత్త రూలు రాసుకున్నారట. బస్తాలు మొయ్యడం తప్పినందుకు ఏసోబు అందరికన్నా ఎక్కువ సంతోషించాడట.

"మరి మీ ఆయనో?" అని అడిగింది దానమ్మ.

"నిన్న ఆయనే వెళ్లి స్టవ్ తెచ్చారత్తా, ఆయనే బిగించారు. మొదటి టీ నేనే పెడతానన్నారు. మర అటూ ఇటూ తిప్పి మంట చూడ్డంలో పడి పాలు పొంగబెట్టేశారు."

"గృహప్రవేశమే అనుకోమ్మా" అంది దానమ్మ.